అసెంబుల్డ్ పీసీ అప్‌గ్రేడ్, రిపేర్ డౌట్లు: డబ్బు పెట్టే ముందు ఇక్కడ అడగండి

బెజవాడ_బిల్డర్:
విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది కదా, అప్పట్నుంచి నాకు మెసేజుల్లో ఒకటే ప్రశ్న, అన్నా నా పీసీ పాతదైపోయిందా, మొత్తం మార్చాలా అని. చాలామందికి మొత్తం మార్చక్కర్లేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఇక్కడైతే అందరికీ పనికొస్తుంది. అడిగేటప్పుడు దయచేసి పూర్తి కాన్ఫిగరేషన్ రాయండి, ప్రాసెసర్, మదర్‌బోర్డ్ మోడల్, ర్యామ్ ఎన్ని స్టిక్కులు ఏ స్లాట్లలో ఉన్నాయి, గ్రాఫిక్స్ కార్డ్, ఎస్ఎంపీఎస్ (పీసీ లోపలి భాగాలకి కరెంట్ ఇచ్చే పెట్టె) పక్కనుండే స్టిక్కర్ ఫొటో. ఆ స్టిక్కర్ ఫొటో మాత్రం మర్చిపోవద్దు. షాపులో క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే ఎస్ఎంపీఎస్ మీద ఏం రాసుందో ఎవరూ చూడరు, గొడవలు చాలావరకు అక్కడే మొదలవుతాయి. ఇంకోటి, ప్రాబ్లం రావడానికి ముందు ఏం మారిందో కూడా చెప్పండి, కొత్త ర్యామ్ పెట్టారా, ఇల్లు మారారా, పిడుగు పడిందా, ఏదైనా సరే.

తెనాలి_తమ్ముడు:
అన్నా నాదే ఫస్ట్. రైజెన్ 5 2600, బి450 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1660 సూపర్, 240 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, క్యాబినెట్‌తో వచ్చిన 450 వాట్స్ ఎస్ఎంపీఎస్ (ఫొటో పెట్టా చూడండి). రెండు ప్రాబ్లమ్స్. ఒకటి, విండోస్ 11కి చెక్ చేస్తే ఈ పీసీకి కుదరదు అంటోంది. రెండోది, గేమ్ ఆడుతుంటే ఉన్నట్టుండి స్క్రీన్ నల్లగా అయిపోయి రీస్టార్ట్ అవుతుంది, బ్లూ స్క్రీన్ కూడా రాదు, ఈవెంట్ వ్యూయర్‌లో కర్నల్ పవర్ 41 అని ఉంటుంది. మొన్న ఇల్లు మారాం, అప్పట్నుంచి ఎక్కువైంది. షాపతను బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మొత్తం తీసేసి డీడీఆర్5కి వెళ్లిపో అంటున్నాడు, నాన్న అంత డబ్బు ఇవ్వరు.

బెజవాడ_బిల్డర్:
తమ్ముడూ ముందు విండోస్ 11 సంగతి, ఎందుకంటే దానికి రూపాయి ఖర్చు లేదు. మైక్రోసాఫ్ట్ లిస్టులో రైజెన్ 2000 సిరీస్‌లో చాలా మోడళ్లు ఉన్నాయి, నీ 2600 కూడా. నీకు అడ్డొచ్చేది టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు, అది నీ ప్రాసెసర్లోనే ఉంది, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగ్స్‌లో) ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, పాత బోర్డుల్లో ఫ్యాక్టరీ నుంచే ఆఫ్‌లో వస్తుంది. ఆన్ చేసి విండోస్‌లో రన్ బాక్స్ తెరిచి టీపీఎం.ఎంఎస్‌సీ కొడితే 2.0 అని కనబడాలి.

తర్వాత సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీ మొదలయ్యేలా చూసే సెట్టింగ్. ఇది తొందరపడే పని కాదు. నీ విండోస్ పాత పద్ధతిలో ఎంబీఆర్ డిస్క్ మీద ఉండి నువ్వు నేరుగా బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతి బూట్‌కి వీలిచ్చే సెట్టింగ్) ఆఫ్ చేసేశావనుకో, బూట్ అవ్వదు, అప్పుడు విండోస్ పోయింది అనుకుని ఫార్మాట్ కొట్టేస్తారు జనం. ఏం పోదు, సీఎస్ఎం మళ్లీ ఆన్ చేస్తే వచ్చేస్తుంది. సరైన దారి ఏంటంటే, ముఖ్యమైన ఫైల్స్ వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతా కొత్త జీపీటీ పద్ధతా చూసుకుని, ఎంబీఆర్ అయితే విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో ముందు వ్యాలిడేట్, అది ఓకే అంటేనే కన్వర్ట్. అప్పుడు సీఎస్ఎం ఆఫ్, సెక్యూర్ బూట్ ఆన్. వాలరెంట్ ఆడేవాళ్లకి విండోస్ 11లో టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో లేకపోతే గేమే తెరుచుకోదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఓరుగల్లు_పోరడు:
రీస్టార్ట్ సంగతి నేను జెప్త. తమ్మీ, కర్నల్ పవర్ 41 అంటే పరేషాన్ గాకు, అది కారణం జెప్పదు, సిస్టం సక్కగ షట్‌డౌన్ గాకుండ బందైందని మాత్రమే జెప్తది. కరెంట్ పోయినా గదే రాస్తది, నువ్వు ప్లగ్ పీకినా గదే రాస్తది. బ్లూ స్క్రీన్ లేకుండ ఒక్కసారే నల్లగైతుందంటే నాకు ముందు అనుమానం కరెంట్ మీదనే, తర్వాత వేడి మీద.

రెండు పనులు జెయ్. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం పెట్టి గేమ్ ఆడుతున్నప్పుడు ప్రాసెసర్, కార్డ్ టెంపరేచర్లు ఫైల్‌లోకి రాసుకునేటట్టు లాగింగ్ ఆన్ జెయ్, రీస్టార్ట్ అయినంక ఆ ఫైల్‌ల ఆఖరి వరుస సూడు. 2600కి గరిష్ఠం 95 డిగ్రీలు, గంతదాక పోతే ముందు స్పీడ్ తగ్గించుకుంటది, ఊకెనే బంద్ గాదు. రెండోది, ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంల గ్రాఫిక్స్ కార్డ్ పవర్ లిమిట్ బాగ తగ్గించి, కార్డ్ ఎంత కిందికి పోనిస్తే అంత కిందికి పెట్టి గదే గేమ్ గదే సీన్ ఆడు. రీస్టార్ట్ ఆగిపోయిందంటే కార్డ్ కరాబ్ అని గాదు, దానికి సరిపోను కరెంట్ వస్తలేదని. పైసలు పెట్టకుండ తెలుసుకునేదానికి నాకు తెలిసి ఇంతకంటె మంచి పరీక్ష లేదు.

డీటీపీ_అక్క:
నాదొక చిన్న ప్రశ్న మధ్యలో. నేను ఇంట్లోనే పెళ్లి కార్డులు, కరపత్రాలు డిజైన్ చేస్తుంటాను, సిస్టం స్లోగా ఉందని 8 జీబీకి ఇంకో 8 జీబీ కలిపాను, పెట్టినప్పట్నుంచి డిస్‌ప్లే రాదు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతాయి. పాతదొక్కటే పెడితే వస్తుంది. కొత్తది పోయినట్టేనా? షాపతను ఒకసారి అమ్మింది తీసుకోనంటున్నాడు.

సికింద్రాబాద్_చిప్:
అక్కా ఇప్పుడే పోయింది అనుకోవద్దు. పాతది తీసేసి కొత్తదొక్కటే పెట్టి చూడండి, అదే స్లాట్‌లో, అంటే పాతది ఏ స్లాట్‌లో పనిచేసిందో అందులోనే. నాలుగు స్లాట్లున్న బోర్డు అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి, ఒకటి రెండు పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఛానల్ మీద పడతాయి. కొత్తది ఒక్కటీ పెట్టినప్పుడు డిస్‌ప్లే వస్తే స్టిక్ బాగానే ఉంది, రెండింటికీ కలిసి ఉండటమే కుదరట్లేదు. అప్పుడు బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆఫ్ చేసి 2133 లేదా 2400 స్పీడ్‌లో ట్రై చేయండి, చాలావరకు పనిచేస్తాయి.

అది కూడా రాకపోతే ప్లగ్ తీసేసి, స్టిక్ బంగారు రంగు కాళ్లని పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది పొడి అంతా మెత్తటి గుడ్డతో తుడిచి, స్లాట్‌లో ఉన్న దుమ్ము బ్రష్‌తో తీసి, చివర్న క్లిప్ టక్కున పడేదాకా నొక్కండి. చాలామంది ఒక పక్కే నొక్కుతారు, రెండో పక్క కాస్త పైకి ఉండిపోతుంది, కంటికి కనబడదు. బోర్డు అంచున సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి లైట్లు ఉంటే ఏది ఆగకుండా వెలుగుతోందో చెప్పండి. డీర్యామ్ లైట్ అయితే ఇదే కథ.

డీటీపీ_అక్క:
డీర్యామ్ లైటే. రబ్బరుతో తుడిచి మీరు చెప్పినట్టు రెండు, నాలుగులో పెట్టాను, మొదటిసారి ఆన్ చేస్తే దానంతటదే రెండు మూడుసార్లు ఆగి ఆన్ అయి డిస్‌ప్లే వచ్చింది, 16 జీబీ చూపిస్తోంది! చాలా థాంక్స్ తమ్ముడూ. అలా ఆగి ఆగి ఆన్ అవడం ప్రమాదమా?

సికింద్రాబాద్_చిప్:
కాదక్కా, కొత్త ర్యామ్‌కి టైమింగ్స్ సర్దుకుంటోంది, మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5 బోర్డుల్లో అయితే మొదటిసారి నిమిషాల కొద్దీ నల్ల స్క్రీనే ఉంటుంది, అప్పుడు కంగారుపడి పవర్ ఆపకూడదు. ఇప్పుడు మీరు ఇంకో పని చేయాలి, మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా సరే వదలొద్దు. మీ పని ఫైల్స్‌తో కాబట్టి చెడ్డ ర్యామ్ ఉంటే ఫైల్ సేవ్ అయినట్టే ఉంటుంది, లోపల పాడైపోతుంది.

ర్యామ్ కొనాలనుకునే మిగతావాళ్లకి ఒక మాట. 2025 చివర్నుంచి రేట్లు విపరీతంగా పెరిగాయి, మెమరీ కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు తిరిగాయి, మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో మామూలు జనాలకి అమ్మడమే మానేస్తున్నట్టు చెప్పింది. అందుకే డీడీఆర్4 బోర్డు బాగా పనిచేస్తుంటే దాన్ని వదులుకోవద్దు, డీడీఆర్5కి వెళ్తే మీ పాత ర్యామ్ ఒక్కటి కూడా పనికిరాదు, కాళ్ల మధ్య గాడి వేరే చోట ఉంటుంది. ఇక్కడ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందులో తిరిగితే పాత డీడీఆర్4 స్టిక్కులు దొరుకుతాయి, ఒకే షాపులో అడిగి కొనేయకుండా నాలుగు చోట్ల అడగండి, షాపులోనే బూట్ చేసి చూపించమనండి, టెస్టింగ్ వారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి.

తెనాలి_తమ్ముడు:
అన్నా చేశా. టెంపరేచర్ ప్రాసెసర్ 74, కార్డ్ 71 దగ్గరే ఉన్నాయి, అంతకుమించి పోలేదు. పవర్ లిమిట్ బాగా తగ్గించి అదే గేమ్ సాయంత్రం అంతా ఆడినా రీస్టార్ట్ అవలేదు!! మళ్లీ వందకి పెట్టగానే అయిపోయింది. ఇంకో విషయం చెప్పడం మర్చిపోయా, ఈ కొత్త ఇంట్లో క్యాబినెట్ ఇనుప భాగం ముట్టుకుంటే జిల్లుమంటోంది, చెప్పులు వేసుకుంటే తెలియదు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

కరెంట్_మేస్త్రి:
బాబూ ముందు ఆ పీసీ వాడటం ఆపు, చెప్పులేసుకుని వాడొద్దు. నేను వైరింగ్ పనిలో ఉన్నవాణ్ణి, ఇది రోజూ చూసేదే.

ఎస్ఎంపీఎస్ లోపల కరెంట్ వచ్చే చోట ఫిల్టర్ ఉంటుంది, అందులో ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు పెడతారు. వాటిగుండా వచ్చే కొంచెం లీకేజీ ఎర్త్ తీగలోకి పోవాలి. నీ ఇంట్లో ఎర్త్ లేకపోతే అది పోయే దారి లేక క్యాబినెట్ అంతా సుమారు 115 వోల్టుల దగ్గర ఉంటుంది, 230లో సగం అన్నమాట. ఆ కరెంట్ చాలా తక్కువ కాబట్టి జిల్లు మాత్రమే తెలుస్తుంది. కానీ అసలు భయం అది కాదు, రేపు ఎస్ఎంపీఎస్ లోపల నిజంగా ఫేజ్ తీగ బాడీకి తగిలితే ఎర్త్ ఉంటే ఎంసీబీ పడిపోతుంది, ఎర్త్ లేకపోతే ఆ 230 నీ చేతికే వస్తుంది.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో మూడు రీడింగులు చూడమను. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఇంచుమించు 230, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు. ఫేజ్ ఎర్త్ మధ్య ఎంతో తక్కువ చూపించినా, అటూ ఇటూ ఊగుతున్నా ఎర్త్ లేనట్టే. అద్దె ఇళ్లలో సాకెట్ మూడో కన్నం ఉంటుంది, వెనక తీగే ఉండదు, లేదా స్క్రూ వదులై ఊడిపోయి ఉంటుంది. తీగ బాగున్నా ఎర్త్ గుంత ఎండిపోయి ఉండొచ్చు, ఎండాకాలంలో మన వైపు ఉప్పు బొగ్గు వేసిన గుంతలో బిందెడు నీళ్లు పోస్తూ ఉండాలి, ఓనర్లు పైన బండ వేసి మూసేసి మర్చిపోతారు.

రీస్టార్ట్‌కి ఎర్త్ నేరుగా కారణం కాకపోవచ్చు, కానీ అదే సాకెట్, అదే ఎక్స్‌టెన్షన్ బోర్డు చూడు. ప్లగ్ తీసి కాళ్లు చూడు, ఒక కాలు నల్లగా మాడినట్టు ఉన్నా, ప్లాస్టిక్ కాస్త కరిగినట్టు ఉన్నా లోపల స్ప్రింగ్ వదులైపోయింది. గేమ్‌లో లోడ్ పెరిగినప్పుడు అక్కడే వోల్టేజీ పడిపోతుంది.

ఓరుగల్లు_పోరడు:
మేస్త్రి గారు మస్తు మంచిగ జెప్పిన్రు. తమ్మీ నీ ఎస్ఎంపీఎస్ ఫొటో సూసిన. పైన 450 వాట్స్ అని పెద్దగ రాసిండ్రు గని, కింద పట్టికల 12 వోల్టుల కాడ 18 ఆంపియర్లు అని ఉన్నది. పన్నెండును పద్దెనిమిదితోని గుణిస్తే 216 వాట్స్. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ తినేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే. నీ 1660 సూపర్ రేటింగే 125, ప్రాసెసర్ 65, ఫ్యాన్లు డిస్కులు గలుపుకుంటే అంచుకే ఉన్నవ్, పైగ కార్డ్ ఒక్కో క్షణం రేటింగ్ కంటె ఎక్కువ గుంజుతది. మిగిలిన వాట్స్ 3.3, 5 వోల్టుల లైన్ల మీద జూపించిండ్రు, ఈ కాలం పీసీకి అవి అక్కెరకు రావు.

550 వాట్స్, 80 ప్లస్ బ్రాంజ్, 12 వోల్టుల లైన్ మీదనే 500 చుట్టుపక్కల ఇచ్చేది, ఐదేండ్ల వారంటీ ఉన్నది తీస్కో. రేపు కార్డ్ మార్చినా పనికొస్తది. ఎక్కడన్న దోస్త్ దగ్గర మంచిదుంటే ఒక్క రోజు అడిగి పెట్టి సూడు. గని ఒక్కటి, మాడ్యులర్‌దైతే, అంటే కేబుళ్లు ఊడదీసేటట్టు ఉంటే, దాని కేబుళ్లు దానికే వాడాలె. కార్డ్ వైపు పిన్నులు అన్నిటికీ ఒకటే ఉంటయ్, ఎస్ఎంపీఎస్ వైపు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, సరిగ్గనే దూరుతది గని 5 వోల్టులు పోవాల్సిన తీగెల 12 పోయి హార్డ్ డిస్క్ కాలిపోతది. గిట్ల డేటా మొత్తం పోగొట్టుకున్నోళ్లు ఉన్నరు.

సీమ_గేమర్:
అన్నలూ, మాది అనంతపురం. మా తావ ఒకాయప్ప ఆర్ఎక్స్ 580 సెకండ్ హ్యాండ్ అమ్ముతా ఉండాడు, ఇంకొకాయప్ప ఐ7 13700కె అమ్ముతా ఉండాడు. రెండింట్లో ఏదైనా తీసుకోవచ్చునా, ఏం చూసుకోవల్ల?

సికింద్రాబాద్_చిప్:
580 అయితే జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లు. షేడర్లు (కార్డ్ లోపల లెక్కలు చేసే యూనిట్లు) 2304 ఉండాలి. 2048 ఉంటే అది పేరుకే 580, పనికి 570 లెక్క, దాని రేటు వేరు. కొన్ని పాత కార్డులకి కొత్త పేరు రాసి అమ్ముతారు, అలాంటివి ఆ ప్రోగ్రామే ఫేక్ అని చూపిస్తుంది. క్రిప్టో మైనింగ్‌లో వాడినవి చాలా ఉన్నాయి, మైనింగ్ అనగానే పారేయాల్సిన పని లేదు గానీ అరగంట ఫుల్ లోడ్ మీద నీ ముందే నడిపించమను, ఫ్యాన్ శబ్దం విను, స్క్రీన్ మీద చుక్కలు గీతలు వస్తే వదిలెయ్. నడపనివ్వను అంటే కొనొద్దు. ఇది 185 వాట్స్ కార్డ్, పైన పోరడన్న చెప్పిన లెక్క నీ ఎస్ఎంపీఎస్‌కి కూడా వేసుకో.

13700కె దగ్గర ఆగు. ఇంటెల్ 13, 14 జెనరేషన్లలో ఐ5 కె మోడళ్లు, ఐ7, ఐ9 అవసరానికి మించి వోల్టేజీ తీసుకుని మెల్లగా దెబ్బతినే సమస్య ఉందని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాంకి అప్‌డేట్) ఇచ్చారు, బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది, వారంటీ రెండేళ్లు పెంచి ఐదేళ్లు చేశారు. కానీ అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయలేదు. దెబ్బతిన్నవాటిలో గేమ్ తెరవగానే వీడియో మెమరీ చాలట్లేదు అని ఎర్రర్ వస్తుంటుంది, జనం గ్రాఫిక్స్ కార్డ్ పోయిందనుకుని అది మారుస్తారు. బిల్లు, బాక్స్, వారంటీ మిగిలుంటేనే చూడు, లేకపోతే ఎంత చవకైనా వద్దు.

డాలస్_తెలుగోడు:
ఇదే టాపిక్‌లో నేనొకటి కలుపుతా. ఇక్కడ అమెరికాలో మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ షాపులో కాంబో రేట్లు చూసి ఇండియాలో తమ్ముళ్లు నన్ను తెమ్మంటుంటారు. ప్రాసెసర్ అయితే చిన్న బాక్స్, తేవచ్చు. గ్రాఫిక్స్ కార్డ్, బోర్డు మాత్రం వారంటీ చాలావరకు కొన్న దేశంలోనే చూస్తారు, పాడైతే మళ్లీ ఎవరో ఒకరు వెనక్కి మోసుకురావాలి. కంపెనీ సైట్‌లో ఇండియా వారంటీ షరతులు చదివి తెప్పించుకోండి.

తెనాలి_తమ్ముడు:
మేస్త్రి గారూ ఎలక్ట్రీషియన్ వచ్చాడు. సాకెట్ విప్పితే ఎర్త్ తీగ ఊడి గోడలో ఉంది, ఎక్స్‌టెన్షన్ ప్లగ్ ఒక కాలు మీరన్నట్టే నల్లగా మాడి ఉంది. సాకెట్ మార్చి ఎర్త్ కలిపాక ఫేజ్ ఎర్త్ మధ్య 228 చూపించింది, జిల్లుమనడం పూర్తిగా పోయింది. రీస్టార్ట్‌లు తగ్గాయి గానీ పోలేదు, తర్వాత 550 వాట్స్ కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టాక ఒక్కసారి కూడా రాలేదు. విండోస్ 11 కూడా ఎక్కింది. మిగిలిన డబ్బుతో రైజెన్ 5 5600 తీసుకుందాం అనుకుంటున్నా, నా బి450లో పెట్టొచ్చా? ఇంకా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, పీసీ దానికి కలిపితే కరెంట్ పోయినప్పుడు ఆగిపోతోంది.

కరెంట్_మేస్త్రి:
ఇన్వర్టర్ ముందో వెనకో యూపీఎస్ అని చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని ఆ వైపు వెయ్యి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే టైం ఫ్యాన్లకి లైట్లకి సరిపోతుంది, పీసీకి కాదు. ఎస్ఎంపీఎస్ కరెంట్ లేకుండా 16, 17 మిల్లీసెకండ్లు మాత్రమే నిలబెడుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే పీసీ అసలు కలపొద్దు, సైన్ వేవ్ అయితేనే. విడిగా యూపీఎస్ కొంటే 600 వీఏ అంటే 600 వాట్స్ అనుకోవద్దు, చాలావాటిలో 360 దగ్గరే ఉంటుంది.

బెజవాడ_బిల్డర్:
5600 పెట్టొచ్చు తమ్ముడూ, ఆ డబ్బుకి బాగా తేడా తెలుస్తుంది. 5500, 5600జీ అని పక్కనే కనబడతాయి, వాటిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీనే, 5600లో 32, గేమ్స్‌కి అదే తీసుకో. కూలర్ బాక్స్‌లోనే వస్తుంది, 5700ఎక్స్ అయితే రాదు, విడిగా కొనాలి.

కానీ వరుస తప్పకూడదు. పాత 2600 ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, 5600 పెట్టాక చేద్దాం అంటే డిస్‌ప్లేనే రాదు. బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరిచి 5600 పక్కన ఏ బయోస్ నంబర్ ఉందో చూడు, కొన్ని బోర్డులకి మధ్యలో ఒక వెర్షన్ ముందు వేసి తర్వాత కొత్తది వేయాలి, ఆ పేజీలోనే రాసుంటుంది. బోర్డు మీద రెవిజన్ నంబర్ ఉంటుంది, అది కూడా కలవాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి బయోస్ లోపలి టూల్‌తో చెయ్, విండోస్‌లోంచి వద్దు. అప్‌డేట్ అవుతున్నప్పుడు కరెంట్ పోకూడదు, కరెంట్ కోతలు లేని టైం చూసుకో.

అప్‌డేట్‌కి ముందే బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూసి సస్పెండ్ చెయ్, రికవరీ కీ ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాసిపెట్టు. ప్రాసెసర్ మార్చగానే కొత్త ఎఫ్‌టీపీఎం, రీసెట్ చేయాలంటే వై నొక్కు అని అడుగుతుంది. కీ చేతిలో లేకుండా వై నొక్కితే డిస్క్ తాళం పడిపోతుంది.

ఇక కూలర్ తీసేటప్పుడు జాగ్రత్త. నీ బోర్డు సాకెట్ ఏఎం4, అందులో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, పాత పేస్ట్ గట్టిపడి కూలర్ నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ సాకెట్లోంచి ఊడి కూలర్‌తో పాటే వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. పీసీని కాసేపు గేమ్ ఆడి వేడెక్కించి, ఆపి ప్లగ్ తీసి, స్క్రూలు వదులు చేశాక కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పు, జారడం తెలిశాక పైకి తియ్. కొత్తది పెట్టేటప్పుడు మూలన ఉన్న బంగారు త్రికోణం సాకెట్ త్రికోణంతో కలవాలి, బరువుకే దిగాలి, వేలితో నొక్కకూడదు. పెట్టాక మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టు, 5600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు వెనక హెచ్‌డీఎంఐకి పెడితే ఏమీ రాదు.

డీటీపీ_అక్క:
మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపాను, ఎర్రర్ ఒక్కటీ లేదు. చివరి ప్రశ్న, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్క్ ఆరోగ్యం చూపే ప్రోగ్రాంలో నా హార్డ్ డిస్క్‌కి సీ7 అనే వరుసలో నంబర్ పెరుగుతూ ఉంది, పైన మాత్రం గుడ్ అనే ఉంది. డిస్క్ మార్చాలా?

సికింద్రాబాద్_చిప్:
సీ7 అంటే డిస్క్ నుంచి బోర్డుకి డేటా వచ్చే దారిలో తప్పులు అక్కా, ఎక్కువసార్లు సాటా కేబులే కారణం. కొత్త కేబుల్ పెట్టి బోర్డు మీద వేరే పోర్ట్‌లో కలపండి. ఆ నంబర్ వెనక్కి తగ్గదు, అక్కడే ఆగిపోతే చాలు. 05, సీ5 వరుసల్లో (డిస్క్‌లో పాడైన, పాడవుతున్న చోట్ల లెక్క) సున్నా కాకుండా వేరే నంబర్ వచ్చి పెరుగుతుంటే మాత్రం ఆ రోజే పెళ్లి కార్డుల ఫైల్స్ అన్నీ ఇంకో డిస్కులోకి తీసేయండి.